సంత ఎవరి చేతిలో ఉంది? కోకా సుబ్బారావు స్మారకోపన్యాసం



గుంటూరులో కోకా సుబ్బారావు గారి గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. 1902లో రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివారు. కొద్దికాలం బాపట్లలో మునసబుగా ఉండి మళ్ళీ మద్రాసు వెళ్ళి ప్రాక్టీసు చేసి, 1948లో అక్కడే హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో ఆంధ్ర హైకోర్టు ఈ ఊళ్ళో మొదలైనప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు, 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఏడు ఏప్రిల్లో ఆ పదవి వదిలేసి రాష్ట్రపతి ఎన్నికలో జాకిర్ హుస్సేన్ గారి మీద నిలబడి ఓడిపోయారు. ఆ రాజీనామా నాకెప్పుడూ నచ్చలేదు. స్మారకోపన్యాసంలో అనకూడని మాటేమో గానీ, ఆయన తీర్పుల్లో మొహమాటం కనిపించదు కనక నేనూ మొహమాటపడను.

ఆయన పేరు వినగానే అందరికీ, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించలేదన్న గోలక్‌నాథ్ కేసు గుర్తొస్తుంది. నేను ఎంచుకున్నది అంత పేరు రాని తీర్పు. 1958 సెప్టెంబరులో, ఆయన ఢిల్లీ వెళ్ళిన మొదటి ఏడే రాసినది: అరుణాచల నాడార్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం. వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు అంటే ఇంత గట్టిగా నిలబడే మనిషి ఆ కేసులో వర్తకుల మీద పెట్టిన ఆంక్షల్ని సమర్థించారు. ఎందుకు సమర్థించారో తెలిస్తే, ఫోన్లో సాగుతున్న ఇవాళ్టి వ్యాపారానికి మన చట్టం ఎక్కడ చాలడం లేదో తెలుస్తుంది. నేను చెప్పబోయేది ఇంతే. తక్కినదంతా దానికి ఆధారాలు చూపించడం.

1

ఆ కేసులో సవాలుకు గురైంది 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం. పత్తి, వేరుశెనగ, పొగాకు ముఖ్యంగా దాని కిందికి వచ్చే పంటలు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతంలో లైసెన్సు లేకుండా ఎవరూ ఆ పంటల క్రయవిక్రయాలకు చోటు నడపకూడదు. మార్కెట్ కమిటీ ఉంటుంది, అందులో రైతుల ప్రతినిధులుంటారు. తూకానికి, కోతలకు నియమాలుంటాయి. నా కొట్లో నేను వ్యాపారం చేసుకోవడానికి మీ లైసెన్సు ఎందుకు, రాజ్యాంగం 19వ అధికరణం నాకిచ్చిన హక్కు ఏమైంది అని వర్తకులు కోర్టుకెక్కారు.

సుబ్బారావు గారు ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే ముందు, ఆ చట్టం అసలు ఎందుకు పుట్టిందో చూశారు. లిన్‌లిత్‌గో అధ్యక్షతన పనిచేసి 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ రాసిన సంగతులు ఆ తీర్పులో వస్తాయి. రైతు బండి కట్టుకుని సరుకుతో వస్తాడు. దింపేది కమీషన్ వ్యాపారి ఆవరణలో. కాటా ఆయనది, కాటా వేసే మనిషి ఆయన మనిషి. పద్దు రాసేది ఆయన గుమాస్తా. విత్తనాలకు అప్పిచ్చిందీ ఆయనే. తరుగని కొంత, ధర్మమని కొంత, శాంపిలని కొంత తీసి, మిగిలింది చేతిలో పెడతారు. బండెడు సరుకు వెనక్కి తోలుకుపోలేక రైతు ఒప్పుకుంటాడు.

చట్టం కళ్ళకు అది కాంట్రాక్టే. ఇద్దరూ మేజర్లు, ఇద్దరూ ఒప్పుకున్నారు, ధర చేతులు మారింది. 1872 కాంట్రాక్టు చట్టం ఒక్కటే చేతిలో ఉంటే ఆ లావాదేవీలో తప్పు పట్టడం కష్టం. తప్పు ఒక లావాదేవీలో లేదు, ఆవరణలో ఉంది. ఈ సంగతి మొదట పట్టుకున్నది 1897 నాటి బీరారు పత్తి, ధాన్యపు మార్కెట్ల శాసనం. అప్పట్లో బీరారు నిజాముది, పాలించేది హైదరాబాదు రెసిడెంటు. అంటే ఈ ఆలోచనకు పాత హైదరాబాదుతో కూడా చుట్టరికం ఉంది. ఆ దారిలోనే మద్రాసు చట్టం వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది: బలహీనుడికి సరైన ధర దక్కేలా సంతను కట్టుదిట్టం చేయడం వ్యాపార స్వేచ్ఛ మీద సమంజసమైన పరిమితేనని. మన 1966 మార్కెట్ల చట్టానికి పునాది అదే.

ముందు వరసలో ఉన్న కమీషన్ వ్యాపారులు నొచ్చుకోకండి. నేను చెప్పింది తొంభై ఏళ్ళ కిందటి సంగతి. మీ ఇవాళ్టి సంగతి చివర్లో వస్తుంది.

2

ఇక ఆన్‌లైన్ వ్యాపారం. దీని చట్టమనగానే విద్యార్థులు ఒప్పందం ఎప్పుడు పుడుతుంది, ఎక్కడ పుడుతుంది అన్న ప్రశ్నల మీద పడతారు. పరీక్షలో అడుగుతారు కాబట్టి తప్పదు. దాన్ని రెండు మాటల్లో తేల్చేస్తాను. ఫోన్లో కుదిరిన బేరం ఎక్కడ కుదిరినట్టని భగవాన్‌దాస్ కేడియా కేసులో 1960ల్లోనే సుప్రీంకోర్టు చెప్పింది: ఒప్పుకోలు చెవిన పడిన చోట. ఆ ధర్మాసనంలో హిదయతుల్లా గారు విభేదించారు. 2000లో ఐటీ చట్టం వచ్చింది, 2008 సవరణలో 10ఏ సెక్షన్ చేరింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. ఈ మూల పెద్ద చిక్కు మిగల్లేదు.

చిక్కు అర్థశాస్త్రంలో ఉంది. అసలు మధ్యవర్తి ఎందుకు కావాలి? చీరాల నేతగాడు తన చీరను వరంగల్ ఇల్లాలికి నేరుగా ఎందుకు అమ్ముకోలేడు? ఆవిడకు ఆయనెవరో తెలియదు, ఆయనకు ఆవిడెవరో తెలియదు. సరుకు మంచిదో కాదో అమ్మేవాడికే తెలిసినప్పుడు బజారులో మంచి సరుకు ఎలా నిలవలేకపోతుందో పాత కార్ల ఉదాహరణతో జార్జ్ అకర్లాఫ్ 1970లో చూపించాడు. ఆ అపనమ్మకాన్ని తీర్చే పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం ఆ పని చేసింది. సరుకు చేతికందాకే డబ్బు, నచ్చకపోతే వాపసు, పదిమంది రాసిన అభిప్రాయాలు. మన ఊళ్ళ వాళ్ళు ముక్కూ మొహం తెలియని దుకాణం నుంచి వస్తువులు తెప్పించుకోవడం మొదలుపెట్టారంటే క్యాష్ ఆన్ డెలివరీ పుణ్యమే. ఈ మేలు ఒప్పుకోకుండా ప్లాట్‌ఫాంలను తిట్టేవాళ్ళ మాట నేను వినను.

అయితే ఈ పనికి ఒక గుణం ఉంది. కొనేవాళ్ళు ఎక్కడ ఎక్కువుంటే అమ్మేవాళ్ళు అక్కడికే వస్తారు, అమ్మేవాళ్ళు ఎక్కువున్న చోటికే కొనేవాళ్ళూ వస్తారు. చివరికి ఒకటో రెండో పెద్ద సంతలు మిగులుతాయి. ఇలాంటి రెండు వైపుల బజారుల్లో యజమాని ఎవరి దగ్గర ఎంత తీసుకుంటాడన్నది జాన్ షార్ల్ రోషే, జాన్ తిరోల్ 2003లో రాసిన వ్యాసం విప్పి చెప్పింది. తిరోల్‌కు 2014లో నోబెల్ వచ్చింది. సారాంశం మన భాషలో చెప్పాలంటే, చెయ్యి జారిపోయేవాణ్ణి బుజ్జగిస్తారు, ఎటూ పోలేనివాడి దగ్గర వసూలు చేస్తారు. కొనేవాడు ఒక్క క్షణంలో ఇంకో యాప్ తెరుస్తాడు కాబట్టి వాడికి ఉచిత డెలివరీ. అమ్మేవాడు పేరు, రేటింగు, సరుకు అన్నీ ఇక్కడే పెట్టుకుని కూర్చున్నాడు కాబట్టి ఖర్చు వాడి మీద. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఏ యజమాని కూర్చున్నా ఆ కుర్చీ చేయించే పని అదే. చట్టం రావాల్సింది అందుకే.

3

కాస్త దగ్గరికెళ్ళి చూద్దాం. సెల్లర్ చేతికొచ్చే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ ఒకటి తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, పద్దులు మాత్రం నిజంగా ఉండేవే. అమ్మకం ధర, పన్ను పక్కన పెడితే, 1,000 రూపాయలు. కమీషన్ 150. షిప్పింగ్ 80. ప్రతి ఆర్డరుకూ వేసే స్థిర రుసుము 25. మొత్తం 255. దాని మీద 18 శాతం జీఎస్టీ 45 రూపాయల 90 పైసలు. ప్లాట్‌ఫాం పట్టుకుని ప్రభుత్వానికి కట్టే జీఎస్టీ టీసీఎస్ అర శాతం, అంటే 5. ఆదాయపు పన్ను టీడీఎస్ 0.1 శాతం, రూపాయి. చేతికొచ్చేది 693 రూపాయల 10 పైసలు. టీసీఎస్, టీడీఎస్ లెక్కలు చూపించి సర్దుకోవచ్చు, జీఎస్టీలో నమోదైన వాళ్ళు ఆ 45 రూపాయల 90 పైసలూ మినహాయింపు తెచ్చుకోవచ్చు. సరుకు వాపసొస్తే మాత్రం అమ్మకమూ పోయె, రానూ పోనూ రవాణా ఖర్చు చాలా సందర్భాల్లో సెల్లర్ నెత్తిన పడె. సెల్లర్లు దాన్ని ఆర్‌టీఓ, అంటే రిటర్న్ టు ఆరిజిన్, అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మొహం చూడాలి.

ఈ పద్దుల్లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది షిప్పింగు. పార్సిలుకు రెండు బరువులుంటాయి. ఒకటి కాటా మీద తూగేది. రెండోది కొలతల బరువు: పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తే వచ్చే కిలోలు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. కొండపల్లి బొమ్మ విరక్కుండా చుట్టూ మెత్తలు పెట్టి 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారనుకోండి. బొమ్మా పెట్టే కలిసి కిలో తూగకపోయినా లెక్కలో 3 కిలోలు. విమానంలోనైనా లారీలోనైనా చోటుకు డబ్బు కట్టాలి కాబట్టి సూత్రంలో అన్యాయం లేదు. నా ప్రశ్న వేరు. కొలిచింది ఎవరు? ఎక్కడ? గోదాములో ఒక యంత్రం కొలుస్తుంది. సెల్లరుకు వచ్చేది ఒక సందేశం: మీరు చెప్పిన బరువు తప్పు, తేడా వసూలు చేశాం. అభ్యంతరముంటే ఫోటోలు పంపమంటారు. ఫోటోలు చూసి తీర్పు చెప్పేది కూడా ఆ ప్లాట్‌ఫామే.

మన మిర్చి యార్డులో ఎన్ని లోపాలున్నా, మిర్చి టిక్కీ కాటా మీదికెక్కినప్పుడు రైతు పక్కనే నిలబడతాడు. ముల్లు ఎటు వంగిందో చూస్తాడు, గట్టిగా అరుస్తాడు కూడా. ఆన్‌లైన్ సంతలో ఆ నిలబడే చోటు లేదు.

తరవాతది వరుస. ఎవరి సరుకు మొదటి తెరలో కనిపించాలి, ఎవరిది నలభయ్యో పేజీలో పడాలి అన్నది యజమాని నిర్ణయం. డబ్బు కట్టి ప్రకటన వేసుకుంటే పైకి రావచ్చు. ఆ ప్రకటన ఖర్చు నేను ఇందాక వేసిన లెక్కలో లేదు.

ఆ తరవాతది గేటు. సొంతంగా బట్టల వ్యాపారం చేసుకునే ఒకావిడ నా దగ్గరకొచ్చింది. ఒక పొద్దున లేచేసరికి అకౌంట్ సస్పెండ్ అయి ఉంది. సరుకు వాళ్ళ గోదాములో, రావలసిన డబ్బు వాళ్ళ ఖాతాలో. కారణం అడిగితే నిబంధనల ఉల్లంఘన అని యంత్రం రాసిన జవాబు. ఏ నిబంధనో చెప్పదు. ఒప్పందం తెరిచి చూశాను. వివాదాలకు మధ్యవర్తిత్వం, అదీ ఇంకో రాష్ట్ర రాజధానిలో. ఇరుక్కున్న డబ్బు కంటే అక్కడికి నాలుగుసార్లు పోయి రావడానికయ్యే ఖర్చే ఎక్కువ. కేసు వెయ్యొద్దని నేనే సలహా ఇచ్చాను.

4

మరి మన చట్టం ఊరుకుందా అంటే, లేదు. చాలా చేసింది. కాకపోతే నాలుగు శాఖలు తలో కిటికీలోంచి చూశాయి.

మొదటిది విదేశీ పెట్టుబడి కిటికీ. 2016లో ఒక ప్రెస్ నోట్ వచ్చింది: సంత నడిపేవాడికి నూరు శాతం విదేశీ పెట్టుబడి రావచ్చు, సొంత సరుకు అమ్మేవాడికి రాకూడదు. 2018 డిసెంబరు 26 నాటి రెండో నోట్ దాన్ని బిగించింది, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. సంత యజమానికి వాటా ఉన్న కంపెనీ ఆ సంతలో అమ్మకూడదు. ఒక సెల్లరు కొనుగోళ్ళలో నాలుగో వంతు మించి యజమాని సంస్థల నుంచే వస్తే అది యజమాని సరుకు కిందే లెక్క. యజమానీ వర్తకుడూ ఒకడే కాకూడదన్న సూత్రం చూడండి, ఎంత బాగుందో! ఆ సూత్రం పెట్టుబడి విదేశీదైతేనే వర్తిస్తుంది. పెట్టుబడి స్వదేశానిదైతే యజమాని నిక్షేపంగా సొంత సరుకు అమ్ముకోవచ్చు. వరసలో తొక్కేసినవాడి పాస్‌పోర్టు ఏ దేశానిదైతే నలభయ్యో పేజీలో ఉన్న సెల్లరుకు ఏమిటి?

రెండోది వినియోగదారుడి కిటికీ. 2019 చట్టం, 2020 జులై నాటి ఈ-కామర్స్ నియమాలు. కొన్నవాడు ఉన్న ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడులు సమ్మతి కిందికి రావు. సరుకుల వరుసను ఏ అంశాలు నిర్ణయిస్తాయో కూడా వివరించాలి. మంచి నియమాలే, నేను వాడుకున్నాను కూడా. ఇవన్నీ కొనేవాడి కోసం. సెల్లరు వ్యాపారం కోసం సేవ తీసుకున్నాడు కాబట్టి వినియోగదారుడు కాడని అవతలి లాయరు లేచి నిలబడతాడు. విద్యార్థులకు ఒక మాట: స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని వాడుకున్న సరుకును వాణిజ్య ప్రయోజనంగా చూడకూడదని ఆ నిర్వచనం కిందే వివరణ ఉంది. ఇంట్లో కూర్చుని పచ్చళ్ళు అమ్మే ఆవిడ విషయంలో ఆ వివరణ తర్కం సేవకూ వర్తించాలని వాదించండి.

మూడోది పన్ను. ఇది మాత్రం చురుగ్గా పనిచేస్తుంది. దుకాణంలో కూర్చుని అమ్మేవాడికి జీఎస్టీ నమోదుకు టర్నోవరు పరిమితి ఉంది. ఆన్‌లైన్లో అమ్మితే మొదటి రూపాయి నుంచీ నమోదు కావాలన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి కాస్త సడలించారు, సరుకు సొంత రాష్ట్రంలోనే అమ్మితే. అంటే ఇందాకటి పచ్చళ్ళావిడ సత్తెనపల్లి నుంచి విజయవాడకు గోంగూర పచ్చడి పంపితే నమోదు అక్కర్లేదు, అదే సీసా హైదరాబాదు పంపితే కావాలి. 2014కి ముందైతే రెండూ ఒకే రాష్ట్రం. ఆ పరిమితి కూడా సరుకులకు మన రాష్ట్రంలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. వియ్యంకులిద్దరూ ఒకే వ్యాపారం చేస్తే ఒకాయన లెక్క రాయాలి, ఇంకొకాయన రాయక్కర్లేదు.

నాలుగోది కాంపిటీషన్ కమిషన్. ఢిల్లీ వర్తకుల సంఘం ఫిర్యాదు మీద 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల పద్ధతులపై దర్యాప్తుకు ఆదేశించింది. ఆరోపణలు ఏమిటంటే, కొందరు సెల్లర్లకు పెద్ద పీట, కొన్ని ఫోన్లు ఒకే చోట విడుదల, భారీ తగ్గింపులు. కంపెనీలు కర్ణాటక హైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2021 ఆగస్టులో జోక్యం చేసుకోబోమని సుప్రీంకోర్టు చెప్పింది. దర్యాప్తు జరగొచ్చా లేదా అన్నది తేలడానికే ఏడాదిన్నర పైగా పట్టింది. ఈ చట్టంలో ఆధిపత్యం ఉందని ముందు రుజువు చెయ్యాలి. రెండు పెద్ద సంతలున్నప్పుడు ఏది ఆధిపత్యమని చూపిస్తారు? అందుకే కేసు ఒప్పందాల సెక్షను మీద నడపాల్సొచ్చింది. ఆ బట్టల వ్యాపారం ఆవిడలా ఇరుక్కున్న డబ్బు కోసం ఎవరూ ఈ దారి తొక్కలేరు.

పెట్టుబడి ఎక్కడిదని ఒకరు, కొన్నవాడు నవ్వుతున్నాడా అని ఒకరు, పన్ను వచ్చిందా అని ఒకరు, పోటీ చెడిందా అని ఒకరు అడుగుతున్నారు. కాటా ఎవరిదని 1933 చట్టం అడిగిన ప్రశ్న ఎవరూ అడగడం లేదు.

5

అయితే మార్కెట్ యార్డుల చట్టాన్నే తెచ్చి ఫోన్లో దించేద్దామా? వద్దు. ఇక్కడే నేను కమీషన్ వ్యాపారులకు మాటిచ్చిన ఇవాళ్టి సంగతి. రైతుకు కాపలా పెట్టిన లైసెన్సు కొన్నిచోట్ల కొత్త వర్తకుణ్ణి లోపలికి రానివ్వని గోడగా మారింది. కొనేవాళ్ళు కూడబలుక్కుని పాట పాడితే బహిరంగ వేలం కూడా నాటకమే అవుతుంది. ఆ సంగతి మీకే నాకంటే బాగా తెలుసు. కమిటీ పదవులు రాజకీయ పునరావాసంగా మారాయి. ఆన్‌లైన్ సంతకు లైసెన్సు రాజ్యం తెస్తే కొత్తగా ఎవరూ సంత పెట్టలేరు, ఉన్న రెండే శాశ్వతమవుతాయి.

తీసుకోవలసింది ఆ చట్టం చూపు. యజమాని చేసే పనుల్లో తూకం, కోత, వరుస, గేటు, ఈ నాలుగింటికీ బయటివాడు చూడగలిగే నియమం కావాలి. ఐరోపా వాళ్ళు 2020 జులై నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో కొంత ఇదే ఉంది: షరతులు మార్చాలంటే సెల్లరుకు కనీసం 15 రోజుల ముందు చెప్పాలి, మొత్తంగా తీసెయ్యాలంటే 30 రోజుల ముందు కారణాలతో రాసివ్వాలి. మనకు 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా వచ్చింది గానీ అది చూసేది రాక్షస పరిమాణంలో ఉన్న కంపెనీల వైపు. మధ్యరకం సంతలో నలిగే సెల్లరు దాని చూపుకు ఆనడు.

ఇంకొకటి కలపాలి, 1933లో ఊహకందనిది. సెల్లరు అమ్మకాల సమాచారమంతా యజమాని కళ్ళ ముందుంటుంది. ఏ రంగు చీర ఏ ఊళ్ళో ఏ ధరకు కదులుతుందో తెలిసినవాడు అదే చీర తనే నేయించుకోవచ్చు. సెల్లర్ల రహస్య అమ్మకాల లెక్కలు తన సొంత వ్యాపారానికి వాడుకోనని 2022 డిసెంబరులో అమెజాన్ ఐరోపా కమిషన్‌కు హామీ ఇచ్చింది. మన 2023 డేటా చట్టం కాపాడేది మనుషుల వ్యక్తిగత వివరాల్ని, దుకాణపు లెక్కల్ని కాదు. ఖరక్ సింగ్ కేసులో, పోలీసు నిఘాలో బతికేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని సుబ్బారావు గారు అసమ్మతి తీర్పు రాశారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత హక్కును గుర్తిస్తూ ఆ వైపే వచ్చారు. వర్తకుడి లెక్కలకు ఆ తర్కాన్ని పొడిగించడం రాజ్యాంగపరంగా కష్టం, శాసనంతో మాత్రం సాధ్యం.

ఎవరు చెయ్యాలి ఆ శాసనం? ఢిల్లీ అంటారు అందరూ. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 28వ పద్దు చూడండి: సంతలు, బజార్లు. రాష్ట్రాల మధ్య వాణిజ్యం కేంద్రానిదే, కాబట్టి రాష్ట్రం చట్టం చేస్తే సవాలు తప్పదు. ఆ రోజున పనికొచ్చే తీర్పు 2002లో ఐదుగురు సభ్యుల ధర్మాసనం ఇచ్చింది, ఐటీసీ కేసులో. కేంద్రం 1975లో పొగాకు బోర్డు చట్టం చేసింది కదా, ఇక పొగాకు మీద రాష్ట్ర మార్కెట్ కమిటీ పెత్తనమేమిటని కంపెనీ వాదన. ముగ్గురు రాష్ట్రం వైపు, ఇద్దరు అటు వైపు తేల్చారు. పరిశ్రమ కేంద్రం చేతిలోకి పోయినంత మాత్రాన సంత మీద రాష్ట్రానికున్న అధికారం పోదని నిలిచింది. ఆ బోర్డు ప్రధాన కార్యాలయం ఈ గుంటూరులోనే ఉంది, లా విద్యార్థులు సైకిలు మీద వెళ్ళి రావచ్చు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటి ఉంది. లావాదేవీకి వాడే ఏ కాటాకైనా ప్రభుత్వ ముద్ర ఉండాలని తూనికలు కొలతల చట్టం ఎప్పుడో చెప్పింది. కిరాణా కొట్టు తక్కెడ చూసే ఇన్‌స్పెక్టరు మన రాష్ట్రంలోని గోదాముల్లోకి వెళ్ళి పార్సిళ్ళు తూచే యంత్రానికి ముద్ర ఉందో లేదో చూడవచ్చు. ఫలానా రోజు ఫలానా పార్సిలును ఆ యంత్రం ఎంతని కొలిచిందో ఆ చీటీ సెల్లరుకు పంపమని అడగవచ్చు.